నిమ్మకాయల తర్వాత వెయ్యి కిలోమీటర్లు

ఆటోమేటిక్ కారుతో నిమ్మకాయలు తొక్కించడానికి యాక్సిలరేటర్ అక్కర్లేదు అమ్మలూ. గేరు ‘డి’లో పెట్టి, బ్రేకు మీదున్న పాదాన్ని కాస్త కాస్తగా సడలిస్తే చాలు. బండి తనంతట తనే కదులుతుంది, నాలుగు కాయలూ చితుకుతాయి, పంతులుగారు హారతి పళ్ళెం ముందుకు చాపుతారు. అంతకంటే ఏమీ చెయ్యనక్కర్లేదు. చుట్టూ చేరినవాళ్ళంతా ‘ఊఁ, పోనీ పోనీ’ అంటుంటే ఆ ఉత్సాహంలో కుడికాలు యాక్సిలరేటర్ మీదకి పోతుంది చూశావూ, అక్కడ వస్తుంది చిక్కు. 2025 సెప్టెంబరులో ఢిల్లీలో ఒకావిడ షోరూము మొదటి అంతస్తులోనే కొత్త బండితో నిమ్మకాయ తొక్కించబోయి, యాక్సిలరేటర్ గట్టిగా నొక్కేసింది. బండి అద్దాల గోడ పగలగొట్టుకుని కింద రోడ్డు మీద పడింది. ప్రాణాలు దక్కడం ఆమె అదృష్టం. పూజ నేల మీదే చేయించుకో, ముందు కనీసం పది గజాలు ఖాళీ ఉండేట్టు చూసుకో. దేవుడేమీ అనుకోడు.

ఎవరూ యాక్సిలరేటర్ తొక్కకుండా బండి ఎలా కదులుతుందని అడిగావు కదా. మంచి ప్రశ్న. ఆ జవాబులోనే కొత్త ఆటోమేటిక్‌ని ఎలా మచ్చిక చేసుకోవాలన్నదీ సగం ఉంది.

గేర్లున్న బండిలో ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య క్లచ్ పళ్ళెం ఉంటుంది. ఎడమకాలు నొక్కితే విడిపోతుంది, వదిలితే అతుక్కుంటుంది. అసలు సిసలు ఆటోమేటిక్‌లో ఆ చోట గుండ్రటి మూతబడ్డ డబ్బా ఒకటి ఉంటుంది, నిండా నూనె. దాని పేరు టార్క్ కన్వర్టర్. లోపల రెక్కల చక్రాలు రెండు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి ఇంజనుతో పాటు తిరుగుతుంది, రెండోది గేరుబాక్సుకి బిగించి ఉంటుంది. ఈ రెండింటికీ తాకిడి లేదు. మొదటి చక్రం నూనెను విసిరి కొడుతుంది, ఆ తాకిడికి రెండోది తిరుగుతుంది. నడుమ ఇంకో చిన్న చక్రం ఉండి, తిరిగొచ్చే నూనె వాలు మార్చి, అది మొదటి చక్రానికి అడ్డు తగలకుండా సాయపడేట్టు చేస్తుంది. బండి నిలబడ్డ చోటు నుంచి కదిలే ఆ క్షణంలో ఇంజను ఇచ్చే తిప్పుడు బలం ఇక్కడ దాదాపు రెండింతలవుతుంది. దీన్ని 1905లో హెర్మన్ ఫోటింగర్ అనే జర్మను ఇంజనీరు కనిపెట్టాడు. ఆయన మనసులో ఉన్నది కారు కానే కాదు, ఓడ. ఆవిరి టర్బైను మహా వేగంగా తిరుగుతుంది, ఓడ పంకా మాత్రం నింపాదిగా తిరగాలి. ఆ రెండింటికీ పొత్తు కుదర్చడానికి పుట్టిన ఏర్పాటు ఇది.

ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు తిరుగుతుంది. ఆ కాస్త నూనె విసురే బండిని మనిషి నడకంత వేగంతో ముందుకు తోస్తుంది. క్రీప్ అంటారు దీన్ని. బ్రేకు నొక్కి ఉంచినంతసేపూ బండి నీ పాదం కింద ఒదిగి నిలబడిందే తప్ప, ఆగాలని ఆగలేదన్నమాట. ఈ సంగతి కాలికి ఎక్కేదాకా ఆటోమేటిక్ నీకు వచ్చినట్టు కాదు.

ఇక మీ మావయ్య మాట. ‘వెయ్యి కిలోమీటర్ల దాకా నలభై దాటొద్దు’ అన్నాడా? అన్నాడంటే ఆశ్చర్యం లేదు. అంబాసిడర్లు, ఫియట్లు నడిచిన కాలంలో అది చలామణీలో ఉన్న మాటే. అప్పట్లో కొత్త కారు వెనకద్దం మీద ‘రన్నింగ్ ఇన్’ అని కాగితం అంటించేవారు. మాకు తొందర లేదు, మీరు దాటుకుని పొండి అని దాని భావం. ఆ రోజుల్లో సిలిండర్ల గోడలు ఇప్పటంత నునుపుగా వచ్చేవి కావు, ఇంజను ఆయిల్ నాణ్యత కూడా అంతంత మాత్రమే. కొత్త ఇంజనుని తొందరపెడితే పిస్టను వేడికి ఉబ్బి పట్టేసేది. బెజవాడ ఆటోనగర్‌లో బోరు చేయించుకున్న లారీ కూడా మొదట్లో సగం లోడుతో మెల్లగా పోయేది, ఇదే కారణం. మావయ్య చెప్పిన దాంట్లో ‘జాగ్రత్త’ అన్నంతవరకు నిజం. ‘నలభై’ అన్నది మాత్రం ఆ కాగితంతో పాటే పోయింది. పైగా ఇప్పటి ఇంజనుని నలభైలో ఈడ్చుకుంటూ పోతే దానికి మేలు కంటే కీడే ఎక్కువ. ఎందుకో చెప్తా విను, ఇక్కడ కాసేపు ఆగుదాం.

సిలిండరులో పిస్టను కిందికీ పైకీ ఆడుతుంటుంది. పిస్టను గోడని గట్టిగా పట్టి ఉండదు, సన్నటి సందు ఉంటుంది. ఉండకపోతే వేడికి ఉబ్బినప్పుడు ఇరుక్కుపోతుంది. ఆ సందులోంచి మండిన గాలి కిందికి కారిపోకుండా పిస్టను చుట్టూ రింగులు వేస్తారు. ఒకచోట తెగి ఉండే, తనంతట తాను విచ్చుకోవాలని చూసే రింగు అది. 1850ల్లో ఇంగ్లండులో రైలింజన్ల పని చూసే జాన్ రామ్స్‌బాటమ్ అనే ఆయన ఆవిరి యంత్రాల కోసం దీన్ని చేశాడు. నూట డెబ్భై ఏళ్ళు దాటినా మీ కొత్త కారులో ఉన్నది ఆ ఊహే.

సిలిండరు గోడ అద్దంలా ఉంటుందని అనుకుంటాం. అలా ఉంటే పనికిరాదు. ఫ్యాక్టరీలో సానరాళ్ళతో కావాలనే గోడ మీద సన్నటి గీతలు గీస్తారు, అటూ ఇటూ ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకుపోయేట్టు. వాటిలో ఆయిల్ నిలుస్తుంది. గీతకీ గీతకీ మధ్య మిట్టలు మిగులుతాయి. మొత్తం గరుకుతనం ఒక మైక్రానుకి లోపే. తలవెంట్రుక మందం డెబ్భై మైక్రాన్లు ఉంటుందనుకుంటే, ఎంత సన్న పనో ఆలోచించుకో.

మా అమ్మ కొత్త రోలు వచ్చినప్పుడు ఏం చేసేదో చెప్తాను. గంట్లు కొట్టిన రోలులో మొదట పప్పు రుబ్బేది కాదు. ఊకో, తవుడో, ముక్కిపోయిన బియ్యమో వేసి రుబ్బి పారబోసేది. కడిగేది. మళ్ళీ రుబ్బి పారబోసేది. రాతి మీద లేచి ఉన్న పొడి మిట్టలు విరిగి, ఆ రాయిపిండి అంతా పోయాక గాని రోలు పచ్చడికి పనికొచ్చేది కాదు. కానీ గంట్లు మాత్రం ఉండాలి. గంట్లు అరిగి నున్నబడితే పప్పు జారిపోతుంది, మళ్ళీ రాళ్ళు కొట్టేవాణ్ణి పిలవాలి. సిలిండరులో జరిగేదీ అచ్చం అదే. మిట్టల మొనలు అరగాలి, గీతలు మిగలాలి. ఆ అరగదీసే పొత్రం రింగు.

ఇప్పుడు అసలు కిటుకు. రింగుకి తన స్ప్రింగు బలం చాలా తక్కువ. దాన్ని గోడకేసి అదిమేది ఎవరు? సిలిండరులో పెట్రోలు మండినప్పుడు పుట్టే ఒత్తిడి. ఆ వేడిగాలి రింగు పై అంచు మీదుగా దాని వెనక్కి దూరి, లోపలి నుంచి గోడకి నొక్కుతుంది. నువ్వు యాక్సిలరేటర్ ఎంత నొక్కితే రింగు గోడకి అంత ఒత్తుకుంటుంది. పాదం అసలు ఆన్చకుండా ముసలి నడక నడిపించావనుకో, రింగు గోడని పైపైన నిమిరి వదిలేస్తుంది. మొనలు అరగవు. గోడ మీద మిగిలిన ఆయిల్ వేడికి మాడి, గీతల్లో లక్కలాంటి పొరగా పేరుకుంటుంది. మెకానిక్కులు గ్లేజింగ్ అంటారు. ఒకసారి ఆ పొర కట్టిందంటే రింగు తన పని చెయ్యలేదు. ఇంజను ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది, సైలెన్సరులోంచి నీలంపొగ వస్తుంది. అలాగని మొదటిరోజే పెడల్ నేలకి నొక్కితే మిట్టల దగ్గర వేడి మితిమీరి, లోహం లోహాన్ని గీరుకుపోతుంది. నడిమధ్య బరువు కావాలి, అదీ మారుతూ ఉండాలి.

లోహం లోహానికి తగలకుండా ఆయిల్ ఉంది కదా అంటావు. ఉంది. పిస్టను పరుగులో ఉన్నంతసేపూ రింగు ఆయిల్ పొర మీద తేలుతూనే ఉంటుంది. కానీ అది పై కొసకి చేరి వెనక్కి తిరిగేటప్పుడు రెప్పపాటు ఆగాలి కదా. ఆగిన చోట ఆయిల్ పొర పల్చబడిపోతుంది. నిమిషానికి రెండువేల చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కో పిస్టను పైన రెండువేలసార్లు, కింద రెండువేలసార్లు ఆగి తిరుగుతుంది. మెకానిక్కు పాత ఇంజను హెడ్డు విప్పినప్పుడు చూడు, మొట్టమొదట సిలిండరు పై అంచుకి కాస్త దిగువన గోరుతో తడుముతాడు. గోరుకి మెట్టు తగిలిందంటే ‘బోరు పోయింది సార్’ అంటాడు. కొలతబద్ద తర్వాత తీస్తాడు, ముందు గోరే చెప్పేస్తుంది. రింగు కోట్లసార్లు ఆగి తిరిగిన చోటది. ఈ చోటుని కాపాడడానికే ఇంజను ఆయిల్లో జింకు, ఫాస్ఫరస్ ఉన్న మందు కలుపుతారు. అది వేడికీ రాపిడికీ లోహం మీద కంటికి కనపడని పొర కడుతుంది. రాపిడి లేకుండా ఆ పొర కూడా సరిగ్గా కట్టదు. చూశావా, ఇంజనుకి కాస్త పని చెప్పడమే దానికి రక్ష.

నిజం చెప్పాలంటే మా అమ్మ రుబ్బి పారబోసిన ఊక పనిలో చాలా భాగం ఇప్పుడు ఫ్యాక్టరీలోనే అయిపోతోంది. గీతలు గీశాక మొనల్ని మళ్ళీ సన్నటి రాయితో చదును చేసి పంపిస్తున్నారు. మిగిలిన సర్దుబాటులో ఎక్కువ భాగం మొదటి కొన్ని గంటల్లోనే జరుగుతుంది. అయినా మాన్యువల్లో వెయ్యి కిలోమీటర్లని ఎందుకు రాస్తారంటే, కొత్త బండిలో కొత్తది ఇంజను ఒక్కటే కాదు. గేరుపళ్ళు, క్లచ్చులు, బ్రేకులు, టైర్లు, అన్నీ కొత్తవే. సగటున గంటకి నలభై చొప్పున వెయ్యి కిలోమీటర్లంటే పాతిక గంటలు. నిమిషానికి 1,800 చుట్లనుకుంటే ఇంజను 27 లక్షల చుట్లు తిరుగుతుంది. అన్నీ కుదురుకోవడానికి అది చాలు.

మరి ఏం చెయ్యాలి? పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు బయల్దేరు. స్టార్ట్ చేశాక అక్కడే నిలబెట్టి పదినిమిషాలు వేడి చెయ్యొద్దు. చల్లటి ఇంజనుకి పెట్రోలు కాస్త ఎక్కువ పోస్తుంది కంప్యూటర్, ఆ మిగులు పెట్రోలు గోడ మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. అరనిమిషం ఆగి, మెల్లగా కదులు. మీటర్లో వేడి ముల్లు నడుమకి వచ్చినంత మాత్రాన అంతా వేడెక్కిందనుకోకు. అది నీళ్ళ వేడి. ఇంజను ఆయిల్ అంతకంటే ఆలస్యంగా వేడెక్కుతుంది, గేరుబాక్సు నూనె ఇంకా ఆలస్యం. ఇంటి నుంచి కూరల మార్కెట్టుకీ, మార్కెట్టు నుంచి ఇంటికీ రెండేసి కిలోమీటర్లు తిరిగితే ఆయిల్ ఎన్నడూ సరిగ్గా వేడెక్కదు. అందుకే అరగంటకి తక్కువ కాకుండా నడిచే ప్రయాణాలు మంచివి. హైదరాబాదులో ఉన్నావు కనక నీకు చక్కటి వంక ఒకటుంది. యాదగిరిగుట్ట అరవై కిలోమీటర్లే. ఎలాగూ మీ అమ్మమ్మ మొక్కుకునే ఉంటుంది.

ఖాళీ రోడ్డు మీద నలభై నుంచి డెబ్భై దాకా పెడల్ సగానికి మించకుండా నొక్కి వేగం పెంచు. తర్వాత పాదం తీసెయ్యి, బండి తనే నలభైకి తగ్గనీ. వెనక ఎవరూ లేకుండా చూసుకో సుమా. ఎక్కేటప్పుడు రింగు గోడకి ఒత్తుకుంటుంది. దిగేటప్పుడు సిలిండరులో గాలి పల్చబడి, కిందనుంచి ఆయిల్ పైకి పాకి గోడని తడుపుతుంది, రాలిన పొడిని కడుగుతుంది. ఈ ఎక్కుడూ దిగుడే మందు. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లుంది కదా అని ఎక్కి, క్రూజ్ కంట్రోల్ తొంభైలో పెట్టి కాళ్ళు చాపుకు కూర్చుంటే ఇంజనంతా ఒకే బరువు మీద, ఒకే తీరుగా నడుస్తుంది. ఆ ముచ్చట వెయ్యి తర్వాత తీర్చుకో.

గేర్లున్న బండిలో ఇంజను చుట్లు నీ చేతిలో ఉంటాయి. ఆటోమేటిక్‌లో నీ తరఫున మాట్లాడేది కుడిపాదం ఒక్కటే. లారీని దాటాలని పెడల్ నేలకంటా నొక్కావనుకో, గేరుబాక్సు దాన్ని ‘అర్జెంటు’ అని అర్థం చేసుకుని ఒకేసారి రెండు గేర్లు కిందికి దింపుతుంది. కిక్‌డౌన్. ఇంజను గయ్యిమని ఐదువేల చుట్లకి లేస్తుంది. ప్రాణం మీదకొస్తే నొక్కు, అందుకే ఉంది. సరదాకి మాత్రం ఈ వెయ్యి కిలోమీటర్లూ వద్దు. స్పోర్ట్ మోడ్ బొత్తాన్ని కూడా ఉందని మర్చిపో.

షోరూములో నీ బండి ఏ రకం ఆటోమేటిక్ అని అడిగావా? అడగాలి. పైకి అన్నీ ఒకటే పిడి, లోపల కాపురాలు వేరు. టార్క్ కన్వర్టర్ సంగతి చెప్పాను. ఏఎంటీ అంటే మామూలు గేరుబాక్సే, క్లచ్ నొక్కే కాలూ గేరు మార్చే చెయ్యీ బదులు మోటార్లు ఉంటాయి. మనదేశంలో 2014లో సెలేరియో కారుతో ఇది సామాన్యుడి ఇంటికొచ్చింది. డీసీటీలో క్లచ్చులు రెండు, ఒకటి బేసి గేర్లకి, ఒకటి సరి గేర్లకి. సీవీటీలో గేర్లే ఉండవు, రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు జారుతూ ఉంటుంది. దీని పూర్వీకుణ్ణి 1958లో హాలండులో డాఫ్ అనే చిన్న కారులో రబ్బరు బెల్టుతో పెట్టారు. సీవీటీలో ఇంజను ఒకే శబ్దంతో మోగుతూ ఉంటుంది, వేగం మాత్రం పెరుగుతూ పోతుంది. కొత్తలో గాభరా పుడుతుంది, అది దాని స్వభావం.

ఏఎంటీ, డీసీటీల్లో నూనె డబ్బా ఉండదు కనక క్రీప్ కూడా నటనే. కంప్యూటర్ క్లచ్‌ని సగం ఆన్చి బండిని పాకిస్తుంది. సగం ఆన్చడమంటే రాపిడి, రాపిడంటే వేడి. అమీర్‌పేట ట్రాఫిక్కులో ముందు బండి జానెడు కదిలినప్పుడల్లా నువ్వూ జానెడు కదిలితే క్లచ్ వేగిపోతుంది. ఒక కారు పట్టేంత ఖాళీ వచ్చేదాకా ఆగి, ఒకేసారి కదిలి, ఒకేసారి ఆగు. సందులో ఆటోవాడు దూరతాడంటావు. దూరనీ, నీ క్లచ్ ఖరీదు కంటే ఆ చోటు ఖరీదు తక్కువే. ఇంకా ముఖ్యం: ఫ్లైఓవరు ఎక్కే చోట ట్రాఫిక్ ఆగితే, వెనక్కి జారకుండా బండిని యాక్సిలరేటర్‌తో పట్టి నిలబెట్టొద్దు. బ్రేకుతోనో హ్యాండ్‌బ్రేకుతోనో ఆపు. క్లచ్ మాడిన వాసన ఒకసారి ముక్కుకి తగిలితే మర్చిపోవడం కష్టం. సిగ్నల్ దగ్గర అరనిమిషం ఆగేదానికి ‘డి’లోనే ఉంచి బ్రేకు నొక్కి ఉంచు. రెండు నిమిషాలు పడుతుందనుకుంటే ‘ఎన్’, హ్యాండ్‌బ్రేకు.

ఇంకో వింత. కొత్త గేరుబాక్సు నేర్చుకుంటుంది. లోపలి క్లచ్చులు ఎంత నూనె పడితే నిండుతాయో, ఏ చోట పట్టు దొరుకుతుందో ప్రతి బండికీ కాస్త తేడా ఉంటుంది. గేరుబాక్సు కంప్యూటర్ ప్రతి మార్పునీ కొలిచి, తర్వాతిసారికి సర్దుకుంటుంది. అందుకే మొదటి రోజుల్లో ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు చిన్న కుదుపు కనపడొచ్చు. పాదం పొడుస్తూ తీస్తూ కాకుండా నిలకడగా ఆన్చి ఉంచితే దానికి లెక్క తేలిగ్గా అందుతుంది. వెయ్యి దాటాక కూడా కుదుపు తగ్గకపోతే సర్వీసులో చెప్పు, చెప్పడానికి మొహమాటపడకు.

నేర్చుకోవలసింది దానికే కాదు, నీ ఎడమకాలికి కూడా ఉంది. ఇన్నాళ్ళూ మీ నాన్న ఆల్టో నడిపి, ఆగాలనిపించినప్పుడల్లా ఎడమకాలితో క్లచ్ తొక్కడం అలవాటైంది నీకు. ఆటోమేటిక్‌లో క్లచ్ ఉండే చోటికి వెడల్పాటి బ్రేకు పెడల్ జరిగి వచ్చి ఉంటుంది. అలవాటున ఎడమకాలు గట్టిగా దిగిందంటే, బండి నిట్టనిలువునా ఆగుతుంది, వెనక కూర్చున్న అమ్మమ్మ ముందు సీటుకి కొట్టుకుంటుంది. క్లచ్ తొక్కిన కాలికి బలమే తెలుసు, బ్రేకుకి కావలసిన ఒడుపు తెలియదు. మొదటి వారం ఎడమపాదాన్ని సీటు వైపుకి లాగి, మడమ నేలకి ఆన్చి పెట్టుకో. బ్రేకూ, యాక్సిలరేటరూ రెండూ కుడికాలి పనే. ఒక కాలు ఒకేసారి రెండూ తొక్కలేదు, అదే దాని భద్రత.

పార్కింగ్ సంగతి. ‘పి’లో పెడితే గేరుబాక్సు లోపల పళ్ళచక్రం సందులోకి వేలెడంత ఉక్కు గొళ్ళెం ఒకటి దిగుతుంది. అంతే, టన్ను బరువు బండి దాని మీద ఆగుతుంది. వాలులో బండి ఆపి, నేరుగా ‘పి’లో వేసి బ్రేకు వదిలితే బండి కొంచెం జారి ఆ గొళ్ళెం మీద పడుతుంది. మళ్ళీ బయల్దేరేటప్పుడు పిడి లాగితే ‘టంగ్’మంటుంది, ఆ చప్పుడు దాని మూలుగు. కనక ముందు బ్రేకు నొక్కి ఉంచి ‘ఎన్’లో పెట్టు, హ్యాండ్‌బ్రేకు వెయ్యి, పాదం వదిలి బండి హ్యాండ్‌బ్రేకు మీద కూర్చుందని చూసుకో, మళ్ళీ బ్రేకు నొక్కి ‘పి’లో వెయ్యి. వారం రోజుల్లో చేతికి అలవాటవుతుంది. ఏఎంటీ బండ్లు చాలావాటిలో ‘పి’ ఉండనే ఉండదు. వాటిని గేరులో ఉంచి ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు వెయ్యాలి.

బ్రేకుల గురించి రెండు ముక్కలు. కొత్త ప్యాడు మొత్తంగా డిస్కుకి ఆనదు. కొద్దికొద్దిగా వేడెక్కి, ప్యాడు పదార్థం డిస్కు మీద పల్చటి పొరగా పరుచుకున్నాకే పట్టు పూర్తవుతుంది. టయోటా మాన్యువల్లో మొదటి 300 కిలోమీటర్లు హఠాత్తుగా ఆపొద్దని రాసింది అందుకే. అరవై నుంచి ఇరవైకి మెత్తగా కొన్నిసార్లు తగ్గించు, మధ్యలో చల్లారనీ. కుక్కో పిల్లాడో అడ్డొస్తే మాత్రం రన్నింగ్ ఇన్ గుర్తుచేసుకోకు, బలమంతా పెట్టి నొక్కు. టైర్లు కూడా అచ్చులోంచి సులువుగా ఊడి రావడానికి పూసిన మందుతో వస్తాయి, ఆ పొర అరిగేదాకా జారుతాయి. వానలో మరీను. గాలి కూడా ఒకసారి కొలిపించు, దూరం నుంచి తెచ్చేటప్పుడు ఎక్కువ కొట్టి ఉంచుతారు, తగ్గించడం మర్చిపోతుంటారు.

సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు తియ్యి. కొత్తదనం కనపడాలని ఏడాది పాటు ఉంచుకునేవాళ్ళున్నారు. ఎండలో ఆ ప్లాస్టిక్కు వాసనే నువ్వు పీల్చేది. అన్నట్టు సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉన్న బండికి బిగుతు కవర్లు కుట్టిస్తే, సమయానికి అది తెరుచుకోకపోవచ్చు.

మొదటి సర్వీసుకే ఆయిల్ మార్చెయ్యమని మావయ్య అంటాడు, అంటాడని నాకు తెలుసు. పాతకాలంలో ఇనపపొడి బాగా రాలేది, మార్చేవాళ్ళం. ఇప్పుడు చాలా కంపెనీలకి మొదటి వెయ్యి సర్వీసులో చూపు మాత్రమే. కొత్త ఇంజనుకి పోసిన ఆయిల్‌ని గడువు దాకా మార్చొద్దని హోండా మాన్యువల్లో చెప్తారు. అయితే మొదట్లో ఇంజను ఆయిల్ కొంచెం ఎక్కువే తాగొచ్చు. ఆదివారం పూట చదునైన చోట బండి నిలిపి, ఇంజను ఆపి పదినిమిషాలయ్యాక బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ బయటికి లాగు. పాతగుడ్డతో తుడిచి, మళ్ళీ దించి, మళ్ళీ తీసి చూడు. రెండు గుర్తుల మధ్య ఆయిల్ ఉంటే సరే. మొదటిసారి తీసింది చూసి లెక్క కట్టకు, గొట్టం గోడలకి అంటిన ఆయిల్ పూసుకుని తప్పు చెప్తుంది.

వెయ్యి దాటాక తిరుపతి వెళ్దామన్నావు కదా. కొండ మీదకి ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు. ఎక్కేటప్పుడు ఆటోమేటిక్ తన పని తాను చూసుకుంటుంది. దిగేటప్పుడే నువ్వు కలగజేసుకోవాలి. ‘డి’లో వదిలేస్తే అది పైగేరు పట్టుకుని, వేగమంతా బ్రేకుల మీద పడేస్తుంది. మాన్యువల్ మోడ్‌లో రెండో గేరో మూడో గేరో పట్టుకో, లేదా ‘ఎల్’ ఉంటే అది. అప్పుడు చక్రాలే ఇంజనుని తిప్పుతాయి, ఇంజను వెనక్కి లాగుతుంది. ‘ఎన్’లో పెట్టి దిగితే పెట్రోలు మిగులుతుందని బస్టాండులో ఎవరైనా చెప్తే నవ్వేసి ఊరుకో. గేరులో ఉండి పాదం తీస్తే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి, చుక్క పెట్రోలు పోదు. ‘ఎన్’లో ఇంజను ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు పొయ్యక తప్పదు, పైగా లాగిపట్టే బలం కూడా పోతుంది. కొండ దిగి అలిపిరి చేరాక పక్కకి ఆపి, ముందు చక్రం దగ్గరికి వంగి వాసన చూడు. ముట్టుకోకు, కాలుతుంది. మాడిన వాసన రాకపోతే సరైన గేరులోనే దిగావన్నమాట. వస్తే ఓ పావుగంట టీ తాగి, డిస్కులు చల్లారాక బయల్దేరు.